1/24 కునొయిచి బొమ్మ: వత్తి తుపాకి అయింది, చేతులు సగంలో ఉన్నాయి

అసలు మనిషిలో 24వ వంతు సైజులో కునొయిచి, అంటే ఆడ నింజా, ప్లాస్టిక్ బొమ్మ చేస్తున్నాం. కిట్‌లో వచ్చిన తుపాకిని పక్కన పడేశాం. దానికి భుజానికి ఆనించే వెడల్పాటి మడమ ఉంది. 1543లో పోర్చుగీసువాళ్లతో తనెగషిమా దీవికి వచ్చి, ఆ దీవి పేరుతోనే చలామణీ అయిన జపాను వత్తి తుపాకికి (వెలిగించిన వత్తితో మందు అంటించేది) అలాంటిది ఉండదు. వెనక కొస పొట్టిగా చెంప దగ్గరే ఆగిపోతుంది. మడమ ఉన్న తుపాకే కావాలంటే 1868లో జపానులోని ఐజు కోట ముట్టడిలో స్పెన్సర్ రైఫిల్ పట్టిన యమమొతో యాయె బొమ్మ చేసుకోవాలి. ఆమె నింజా కాదు, అది వేరే సంగతి.

నిజం తుపాకి 130 సెం.మీ. అనుకుంటే బొమ్మకి 54 మి.మీ., అందులో గొట్టం 42. దానికి 1.2 మి.మీ. ప్లాస్టిక్ కడ్డీ తీసుకుని 50 మి.మీ. పొడవున కోశాం. గొట్టం మూతి బెజ్జానికి ముందు కొసన సూదితో గుచ్చి, 0.5 మి.మీ. డ్రిల్ బిట్‌ను చేత్తోనే తిప్పాలి. బెజ్జం పక్కకి పోయిందా, ఆ కాస్త కోసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎక్కువ పొడవు ఉంచింది అందుకే. గొట్టానికి ఎనిమిది పలకలు కావాలి. బెజ్జం కుదిరాకే సన్నటి ఆకురాయితో ముందు నాలుగు పలకలు, తర్వాత వాటి మూలలు. మొదటే ఎనిమిదీ తీయబోతే గొట్టం మెలి తిరిగినట్టు కనిపిస్తుంది.

వత్తి పట్టుకునే కొక్కెం 0.2 మి.మీ. ఇత్తడి రేకుతో చేశాం. అది కుడి పక్కన ఉండాలి, గొట్టం మూతి వైపుకి వాలాలి. యూరప్ తుపాకుల్లో షూటర్ వైపుకి వాలుతుంది, బొమ్మలవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వత్తికి పాత చార్జర్ తీగలోని రాగి పోగులు రెండు పెనవేస్తే చాలు. మిగిలిన పొడవు ఎడమ ముంజేతికి చుట్టలుగా చుట్టాం.

అసలు తంటా చేతులతో. మడమ తీసేసరికి కుడి చెయ్యి గాల్లో మిగిలింది. మోచేతి దగ్గర కోసి, 0.8 మి.మీ. తీగ గుచ్చి, డొక్కకి అంటకుండా బయటికి తిప్పాం. మెడ కూడా కోసి తలను తుపాకి మీదికి వంచాలి, లేకపోతే కన్ను గురి గీత మీదికి రాదు. తుపాకిని మైనంతో తాత్కాలికంగా నిలబెట్టి, ముందు నుంచి చూసి, ఆ తర్వాతే ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది) పెట్టాలి. పుట్టీ రాత్రంతా ఆరనివ్వాలి. సూపర్ గ్లూ ఎక్కువైతే దాని ఆవిరికి పక్కనున్న ప్లాస్టిక్ మీద తెల్ల పొర పడుతుంది, సూది మొన మీద తీసుకున్నంత చాలు.

నల్ల ముసుగు వేయడం లేదు. 1676 నాటి నింజా విద్యల పుస్తకం బన్సెన్షూకాయ్‌లో కునొయిచి అంటే శత్రువు ఇంట్లోకి పంపే ఆడమనిషి. ఆమె చేతికి తుపాకి ఇచ్చింది మన ఊహే. అందుకే పనిమనిషి కట్టే సాదా కొసొదె (కిమోనో లాంటి బట్ట), చేతులు అడ్డురాకుండా వీపు మీద ఇంటూ గుర్తులా కట్టే తసుకి తాడు. రంగు మూడు పాళ్లు ప్రష్యన్ నీలం, ఒక పాలు ముదురు గోధుమ. రంగుకి ముందు వేసే ప్రైమర్‌ను వానరోజున స్ప్రే చేయొద్దు, గాలిలో తేమకి పైపొర గరుకుగా తేలుతుంది.

వత్తి కొస ఎర్రటి నిప్పుకణిక మాత్రమే, మంట కాదు. నారింజ చుక్క ఒకటి, దాని వెనక మిల్లీమీటరు బూడిద రంగు. ముఖం మీద వెలుగు పడినట్టు వేయనక్కర్లేదు. ఇక మిగిలింది మందుగిన్నె (వత్తి తాకే మందు ఉండే చిన్న గిన్నె) మూత, దాన్ని తెరిచినట్టే అతికించాలి.