ఎర్ర పెన్నుతో చుట్టిన తేదీ

"అక్కా, ఒక్క గీతే వచ్చింది." పొద్దున ఆరింటికే మా పిన్ని కూతురి ఫోన్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పెళ్లయి నాలుగు నెలలు. ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నారు. పీరియడ్ డేట్ దాటి 6 రోజులైంది. మెడికల్ షాపులో తెలిసినవాళ్లు ఉంటారని టెన్షన్ పడితే నిన్న ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ నేనే కొనిచ్చాను. ఒక్క గీత అంటే గర్భం లేనట్టు.

వాళ్లింట్లో గోడ క్యాలెండర్ చూశాను. ప్రతి నెలా పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కేసి 14వ రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా. ఆ ఒక్క రోజూ జాగ్రత్తగా ఉంటే చాలని ఎవరో చెప్పారట.

మా చెల్లికి పీరియడ్ ఒక నెల 26 రోజులకు, ఒక నెల 34 రోజులకు వస్తుంది. అండం విడుదలయ్యేది తర్వాతి పీరియడ్‌కి సుమారు 14 రోజుల ముందు. అంటే ఒకసారి 12వ రోజు దగ్గర, ఇంకోసారి 20వ రోజు దగ్గర. ముందుగా ఎలా తెలుస్తుంది? పైగా అండం ఒక్క రోజే ఉన్నా, వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతకగలవు. ఆ సున్నాను నమ్ముకుని ఇన్నాళ్లు ఎంత భయపడిందో!

డిగ్రీ చదివిన పిల్ల. టెన్త్‌లో ఈ పాఠం "ఇంట్లో చదువుకోండి" అని దాటేశారట. మాకూ అంతే. నాకు చాలా బాధేసింది.

వారంలో పీరియడ్ రాకపోతే మళ్లీ టెస్ట్ చేసుకోమన్నాను. సోమవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. మాత్రలు, కాపర్ టీ, అన్నీ అడగాలని చీటీ రాసుకుంటోంది.

తనని అడిగే ఇది రాస్తున్నాను.