ఫోకసింగ్ స్క్రీన్ మీది ధూళి
అనంతపురంలో వేసవి గాలి మొదలైతే మూసిన బీరువాలోని కెమెరాలోకి కూడా ఎర్రటి ధూళి చేరుతుంది. నా నికాన్ ఎఫ్ఎమ్2 ఫిల్ము కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కనిపించే నలుసులు ఫోకసింగ్ స్క్రీన్ మీదివే. లెన్సు నుంచి వచ్చే బొమ్మ పడే లోపలి చిన్న తెర అది. బటన్ నొక్కగానే, కాంతిని ఆ తెర మీదికి పంపే అద్దం పైకి లేచి, కాంతి నేరుగా ఫిల్ముకు చేరుతుంది కనుక అవి ఫొటోలో పడవు. అయినా కంటికి అడ్డమే. లెన్సు తీసి, కెమెరా నోరు కిందికి ఉండేలా పట్టుకొని, రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టడమే మొదటి పని, చాలాసార్లు చివరి పని కూడా. ఆ స్క్రీన్ గాజు కాదు, సులువుగా గీతలు పడే ప్లాస్టిక్కు. దాని మీద బొమ్మను అంతటా సమంగా వెలిగించే సన్నని ఫ్రెనెల్ వలయాలు ఉంటాయి కాబట్టి గుడ్డతో రుద్దకూడదు, ప్లాస్టిక్కును కరిగించే అసిటోన్ అసలే తగలనివ్వకూడదు. నేనొకసారి నోటితో ఊది, తుంపర మరకను చేజేతులా తెచ్చుకున్నాను. అద్దం తగిలే చోటి పాత ఫోమ్ పట్టీ జిగురుగా మారితే ముందు దాన్నే మార్చాలి. నల్లని నలుసులు అక్కడి నుంచీ రాలుతుంటాయి.