గొంతుకు గాటు పడ్డాక

బీపీకి వేసుకునే ఎనలాప్రిల్ వల్ల నా నాలుక, గొంతు వాచి ఊపిరి దారి మూసుకుపోయింది. దీన్ని ఆంజియోఎడీమా అంటారు. దద్దుర్లు రావు, దురద ఉండదు. రక్తనాళాల్లోంచి నీరు ఊరేలా చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విడగొట్టే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. దాంతో ఆ పదార్థం పేరుకుపోయి, నీరు కండలోకి చేరి వాస్తుంది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవాళ్లకూ రావచ్చు. అలెర్జీలో విడుదలయ్యే హిస్టమైన్ వల్ల వచ్చే వాపు కాదు కాబట్టి అడ్రినలిన్‌కు, స్టెరాయిడ్లకు పెద్దగా లొంగదు. అడ్రినలిన్ ఇవ్వడంలో తప్పేమీ లేదు, అలెర్జీ అవునో కాదో తేల్చుకునే వ్యవధి అక్కడ ఉండదు. అది పనిచేస్తుందేమోనని చూస్తూ కూర్చుంటేనే ప్రాణం మీదికొస్తుంది.

ఊపిరి దారి మూసుకుపోయినప్పుడు మెడ ముందు కోసి శ్వాసనాళంలోకి గొట్టం పెట్టడం అంబులెన్సు సిబ్బందికి నేను నేర్పే పని, అదే నా మెడ మీద జరిగింది. మత్తులో ఉన్నాను కనుక వివరాలు కేస్ షీట్‌లో చదివి తెలుసుకున్నవే.

కంఠమణి నుంచి వేలిని కిందికి జారిస్తే చిన్న పల్లం తగులుతుంది. దాని కింద గట్టిగా ఉంగరంలా ఉండేది క్రికాయిడ్ మృదులాస్థి. ఆ పల్లంలోనే క్రికోథైరాయిడ్ పొర ఉంటుంది, ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు. కుడిచేతివాటం వాళ్లు రోగికి ఎడమ పక్క నిలబడి, ఎడమ చేత్తో స్వరపేటికను కదలకుండా పట్టుకుంటారు. 10వ నంబరు బ్లేడుతో చర్మాన్నీ పొరనూ ఒకే పోటుతో అడ్డంగా కోస్తారు. బ్లేడు బయటికి తీయకుండా, పదునైన అంచు కాళ్ల వైపు వచ్చేలా తిప్పి, తమ వైపు కొద్దిగా లాగి పట్టుకుంటారు. బ్లేడు పక్కనుంచే బూజీ, అంటే ట్యూబుకు దారి చూపే సన్నని వంగే కడ్డీ, 10–15 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. దాని మీదుగా 6 సైజు కఫ్ ట్యూబును (చివర గాలితో ఉబ్బే బుడగ, అంటే కఫ్, ఉన్న గొట్టాన్ని) తిప్పుతూ జారుస్తారు. 6 సైజు ట్యూబు బయటి వ్యాసమే 8 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి అంతకన్నా పెద్దది పట్టదు.

రక్తం ఒక్కసారిగా నిండుతుంది, కళ్లకు ఏమీ ఆనదు. అందుకే వేలినే నమ్ముకోవాలి. బ్లేడు ముందే తీసేస్తే కండ మూసుకుపోయి రంధ్రం మళ్లీ దొరకదు. బూజీ శ్వాసనాళానికి ముందున్న కండలోకి దూరితే ట్యూబు కూడా అటే పోతుంది. గాలి కొట్టగానే మెడ ఉబ్బుతుంది, మానిటర్ మీద బయటికొచ్చే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే గీత లేవదు. గీత లేదంటే ట్యూబు చోట లేనట్టే, మరో వాదన వద్దు. కఫ్ లోపలికి కనుమరుగు కాగానే ఆపాలి. ఇంకా తోస్తే ఒక ఊపిరితిత్తికే గాలి వెళ్తుంది. లావు మెడలో, వాచిన మెడలో పల్లం తెలియకపోతే నడిమధ్యన నిలువుగా 8–10 సెంటీమీటర్లు కోసి, వేళ్లతో కండను పక్కకు నెట్టి వెతుక్కోవాలి. కోతకు పట్టేది క్షణాలే. కోయాలని మనసు గట్టిచేసుకోవడంలోనే నిమిషాలు పోతాయి.

వాపు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుంది. కఫ్‌లో గాలి తీసేస్తే ట్యూబు పక్కనుంచి ఊపిరి ఆడుతోందా అని చూసి, ఈఎన్‌టీ డాక్టరు సన్నని కెమెరాతో స్వరతంత్రులు పరీక్షించి, ట్యూబు తీశారు. ఆ రంధ్రం దానంతటదే పూడుకుంటుంది. అప్పటిదాకా మాట్లాడినా దగ్గినా కట్టు మీద వేలితో నొక్కి పట్టాలి, లేదంటే గాలంతా అటే తన్నుకొస్తుంది, కట్టు లేచిపోతుంది. మొదట్లో పల్చటి నీళ్లకే పొరబోయేది, చిక్కటివి సాఫీగా దిగేవి. గడ్డం ఛాతీకి ఆనించి మింగమన్నారు.

గొంతు మాత్రం మునుపటిలా లేదు. స్వరతంత్రులను సాగదీసి స్వరాన్ని పైకెత్తే కండరం కోతకు పక్కనే ఉంటుంది. మామూలు మాటకు లోటు లేదు గానీ, దూరంగా ఉన్నవాళ్లను కేకేయబోతే గొంతు చీలిపోతుంది. దానికన్నా కనిపెట్టుకోవలసింది శ్వాసనాళం ఇరుకవడం. లోపలి మచ్చ వారాల తర్వాత కూడా బిగుసుకోవచ్చు. మెట్లెక్కితే ఊపిరిలో ఈల వినిపించినా, ఆయాసం రోజురోజుకూ పెరిగినా ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ పీల్చుకోకుండా మళ్లీ కెమెరా పెట్టించుకోవాలి.

ఎనలాప్రిల్ ఒక్కటే మానితే చాలదు. రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటి అదే కోవ మందులన్నీ జన్మలో ముట్టకూడదు, సాక్యుబిట్రిల్ ఉన్న గుండె మాత్ర కూడా. నన్ను వేరే కోవకు చెందిన బీపీ మందు ఆమ్లోడిపిన్‌కు మార్చారు. మందు మానేశాక కూడా కొన్ని వారాల వరకు వాపు తిరగబెట్టవచ్చు, అందుకే మందు పేరు రాసిన చీటీ పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను.