వాగులో సీసా దొరికితే ముందు మూతి చూడండి

పాత గాజు సీసాల కోసం వెతికేవాళ్లు వరద తీసి నీళ్లు తేటపడ్డాకే వాగులో దిగాలి. వంపు లోపలి గులకరాళ్ల మేటలూ, పెద్ద బండల వెనక భాగమూ ముందు వెతకాలి. వడి తగ్గిన చోటే బరువైనవి ఆగుతాయి.

సీసా పక్కన నిలువుగా ఉండే అచ్చు గీత (అచ్చు భాగాలు కలిసేచోట పడేది) మెడ దగ్గరే ఆగిపోతే, మూతి విడిగా చేత్తో దిద్దినదన్నమాట. గీత అంచు పైదాకా ఎక్కితే యంత్రం పని. సీసాలు తయారుచేసే ఓవెన్స్ యంత్రం 1903లో వచ్చాకే అలాంటివి బాగా పెరిగాయి. అసలు గీతే లేదా? అచ్చులో తిప్పడంతో గీత చెరిగిపోయినదీ కావచ్చు, తొందరపడొద్దు.

కడిగేటప్పుడు చల్లటి సీసాను వేడినీళ్లలో ముంచితే పగలొచ్చు. పైన రంగురంగుల మెరుపు పొర కనిపిస్తే తోమకండి (చాలామంది మురికనుకుంటారు, పాపం). అది పొరలుగా చివికిన గాజే, రుద్దితే పెచ్చులూడుతుంది.