పంటు ఎక్కగలిగే ఎత్తు: మా స్విఫ్టుకు పొట్టి స్ప్రింగులు

ఏప్రిల్ 6

స్ప్రింగులు వచ్చాయి. నాలుగూ కలిపి 13,500 రూపాయలు. పెట్టె విప్పి వరండాలో వరసగా నిలబెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మాది 2013 నాటి డీజిల్ స్విఫ్టు. సఖినేటిపల్లి వైపు మా ఊరి నుంచి రాజోలు, అమలాపురం దాకా రోజూ తిరుగుతాను. సగం దూరం కాలువ గట్టు మీదే. కాలువ ఎటు వంగితే రోడ్డూ అటే వంగుతుంది. ఆ వంపుల్లో కారు బయటి వైపుకు ఒరిగిపోవడం, వెనక సీట్లో అమ్మ పైనున్న పిడి పట్టుకోవడం నాకు ఎన్నాళ్లుగానో బాధగా ఉంది. పైగా ముందు చక్రానికీ దాని మీది రేకు అంచుకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. కారు అందంగానే ఉంది, నిలబడే తీరులోనే ఏదో తక్కువ.

పొట్టి స్ప్రింగులు వేసి కారును దించాలని నిర్ణయించాక అసలు చిక్కు ఎంత దించాలన్నది. 40 మి.మీ. దించే రకం చూడటానికి చాలా బాగుంటుంది. 25 మి.మీ. రకం పెడితే పక్కింటివాళ్లు తేడా గమనించకపోవచ్చు. ఈ రెండింటి మధ్య నెల రోజులు ఊగిసలాడి, చివరికి టేపు పట్టుకుని రేవుకు వెళ్లాను.

మాకు నరసాపురం వెళ్లాలంటే దగ్గర దారి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లను ఏరు దాటించే పడవ. కారును పంటు మీదికి ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటాలి. లేకపోతే దిండి దాకా వెళ్లి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. రేవులో ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసే ఇనుప పలక వాలు రోజంతా ఒకేలా ఉండదు. సముద్రం దగ్గర కాబట్టి పోటు వచ్చినప్పుడు నీరు పెరిగి పలక చదునుగా పడుకుంటుంది, పాటు తీసినప్పుడు నిటారుగా లేస్తుంది. అందుకే కిందటి నెల అమావాస్య నాడు, నీళ్లు బాగా తీసేదాకా ఆగి కొలిచాను. మీటరు దూరానికి 24 సెం.మీ. ఎత్తు వచ్చింది.

ఇప్పుడు కారు. ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి బంపరు కింది అంచు దాకా 70 సెం.మీ. ఆ అంచు నేల నుంచి 21 సెం.మీ. ఎత్తులో ఉంది. 25 మి.మీ. దించితే 18.5 సెం.మీ. అవుతుంది. ఆ వాలులో 70 సెం.మీ. దూరానికి పలక లేచేది 16.8 సెం.మీ. అంటే ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా ఖాళీ మిగులుతుంది. 40 మి.మీ. దించితే అంచు 17 దగ్గర ఉంటుంది, మిగిలేది 2 మి.మీ. మాత్రమే. చక్రం గుండ్రంగా ఉండటం వల్ల నిజానికి ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. కానీ అందరూ ఎక్కి కూర్చున్నప్పుడు, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం కిందికి వంగుతుంది కాబట్టి ఆ వెసులుబాటును నేను లెక్కలోకి తీసుకోలేదు. 25 ఖాయం చేశాను.

కొనే ముందు గట్టిగా అడిగి తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. పెట్రోలు స్విఫ్టు కంటే డీజిల్‌ది వంద కిలోలకు దగ్గరగా ఎక్కువ బరువు, ఆ బరువంతా దాదాపు ముందే ఉంటుంది. పెట్రోలు కారు కోసం చేసిన ముందు స్ప్రింగులు దీనికి పెడితే 25 అనుకున్నది ఇంకా కిందికి దిగిపోతుంది. డీజిల్‌కని రాసి ఉన్న సెట్టే తెప్పించాను.

ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అది నేను ఒప్పుకోను. గ్యాసు మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, కోసిన కొన స్ప్రింగు ఆనుకునే గిన్నెలో సరిగ్గా కూర్చోదు. గోతిలో చక్రం వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరిగే ప్రమాదమూ ఉంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అది.

బీమా కంపెనీకి మార్పు గురించి ఉత్తరం రాసి, అందినట్లు జవాబు తీసుకున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో చేసే మార్పుల గురించే ఉంది. చేయబోయేవారు ముందు అది చదివి, రవాణా కార్యాలయంలో కనుక్కోవడం మంచిది.

ఏప్రిల్ 9 నుంచి 12 వరకు

ఈ నాలుగు రోజులూ బోల్టులకు నూనె పట్టించడమే పని. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కారు అడుగు భాగం ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. మా కారు స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగూ షాకబ్సార్బరూ కలిసి ఉండే భాగం) బోల్టుల మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది. తీగ బ్రష్‌తో మర పైకి కనిపించేదాకా రుద్ది, తుప్పు వదిలించే నూనెను ఉదయం, సాయంత్రం కొట్టాను. ఇది చేయకుండా నేరుగా పానా పెట్టి ఉంటే ఒక్క బోల్టయినా విరిగేదని నా నమ్మకం. సెలవు రోజు బోల్టు విరిగితే ఇక్కడ కొత్తది దొరకదు, కారు రెండు రోజులు గాల్లో ఉండిపోతుంది.

పాత కొలతలు కూడా రాసుకున్నాను. నేల నుంచి కొలిస్తే టైరులో గాలిని బట్టి మారుతుంది కాబట్టి చక్రం నడి మధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా కొలిచాను. ముందు రెండు వైపులా 39.5 సెం.మీ., వెనక 39.

ఏప్రిల్ 13, ఆదివారం: వెనక భాగం

రేపు అంబేద్కర్ జయంతి సెలవు. రెండు రోజులు కలిసొచ్చాయని బావ పాలకొల్లు నుంచి వచ్చాడు.

మొదటి గంట జాకీకే పోయింది. మాది ఒండ్రు నేల. పైకి ఎండి పగిలి గట్టిగా కనిపిస్తుంది, బరువు పడితే దిగుతుంది. కాలువలు కట్టేసే రోజులు కాబట్టి నేల ఆరి ఉంటుందనే ఏప్రిల్ దాకా ఆగాను. అయినా స్టాండు కాళ్లు అంగుళం లోపలికి దిగాయి. "బావా, ఆగు, ఇటు వైపు కుంగుతోంది" అని అతను అరవగానే దించేశాం. పశువుల పాకలో పాత తాటి పలకలు ఉన్నాయి, చేటంత వెడల్పు. ఒక్కో స్టాండు కింద రెండు పలకలు అడ్డంగా నిలువుగా వేసి, కారును గట్టిగా ఊపి చూశాం. కదల్లేదు. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి తల పెట్టకూడదు. ఊడదీసిన చక్రాన్ని కూడా కారు అంచు కిందికి తోసి ఉంచాం, ఏదైనా జారితే దాని మీద పడుతుందని.

వెనక పని సులువు. ఈ కారులో వెనక స్ప్రింగు వేరు, షాకబ్సార్బరు వేరు. రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం కింద జాకీ ఆనించి, షాకబ్సార్బర్ల కింది బోల్టులు తీసి, జాకీని మెల్లగా దించితే దూలం కిందికి వాలుతుంది. స్ప్రింగు చేత్తోనే ఊడి వస్తుంది. చూసుకోవలసిందల్లా బ్రేకు గొట్టం. దూలం మరీ కిందికి దిగితే అది సాగిపోతుంది. బావ టార్చి పట్టుకుని దాని మీదే కన్నేసి ఉంచాడు. పాత రబ్బరు గిన్నెలు కడిగి, ఆరబెట్టి, వాటినే పెట్టాను. రెండు వైపులకూ కలిపి రెండు గంటలు.

ఏప్రిల్ 14: ముందు భాగం

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో చెయ్యో కన్నో పోగొట్టుకునే చోటు ఒకటి ఉంది.

ముందు వైపు స్ప్రింగు, షాకబ్సార్బరు కలిసి ఒకే స్ట్రట్. దాని పై నట్టు అందాలంటే వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ పలక తీయాలి. కింద బ్రేకు గొట్టం క్లిప్పు, చక్రం వేగం కొలిచే తీగ క్లిప్పు విడిపించి, స్ట్రట్‌ను పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టులు తీయాలి. తీసే ముందు స్ట్రట్ బిళ్ల అంచు ఎక్కడ ఉందో తెల్ల రంగుతో గీత గీసుకున్నాను. తిరిగి బిగించేటప్పుడు చక్రం వాలు పాత చోటికి దగ్గరగా వస్తుంది. విడిపించిన చక్రం మూలాన్ని తాడుతో కట్టి ఉంచాం, లేకపోతే అది బయటికి వాలి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు కీలును లాగేస్తుంది.

ఇక స్ప్రింగును నొక్కి పట్టే కొక్కేల జత. మా ఊరి మెకానిక్ బాబాయి దగ్గర అరువు తెచ్చాను. ఇస్తూ ఒక్క మాటే చెప్పారు: "దాని ఎదురుగా నిలబడకు నాయనా." కొక్కేలు రెండూ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. ఒకవైపు రెండు చుట్లు బిగిస్తే రెండో వైపూ రెండు చుట్లే. గాలి తుపాకీతో కాక చేతి పానాతోనే బిగించాలి. స్ప్రింగు గిన్నెలో వదులై చేత్తో కదిపితే కదలాలి. అప్పుడే పై నట్టు ముట్టుకోవాలి. అంతకు ముందు విప్పితే లోపలున్న బలమంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. మేము స్ట్రట్‌ను అరుగు మీద పడుకోబెట్టి, దాని కొన ఖాళీ గోడ వైపు తిప్పి, ఇద్దరం పక్కలకు నిలబడి విప్పాం. ఆ ఐదు నిమిషాలు ఇంట్లో పిల్లలను బయటికి రానివ్వలేదు.

కుడివైపు షాకబ్సార్బరు కడ్డీ చుట్టూ నూనె కారి ఉంది. పొట్టి స్ప్రింగు కాస్త బిరుసుగా ఉంటుంది, దాన్ని అణచడానికి షాకబ్సార్బరుకు బలం కావాలి. ఒకటి పోతే రెండూ మార్చాలన్నది నా పద్ధతి. కొత్త జత ముందే తెచ్చి పెట్టుకున్నందుకు ఆ క్షణంలో చాలా తృప్తిగా అనిపించింది. దుమ్ము తొడుగులు, లోపలి రబ్బరు దిమ్మలు కూడా కొత్తవే వేశాను.

చీకటి పడే వేళకు నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నాయి. రోడ్డుకు అటువైపు వెళ్లి కారును చూశాను. ముందు వైపు ఎడమ పక్కన ఖాళీ తక్కువ, కుడి పక్కన ఎక్కువ.

ఏప్రిల్ 15

తెల్లారి కొలిచాను. ఎడమ 37 సెం.మీ., కుడి 37.8. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. స్ప్రింగే తేడాగా వచ్చిందేమోనని మొదట అనుకున్నాను. కుడి చక్రం తీసి టార్చి వేసి చూస్తే తెలిసింది: స్ప్రింగు కింది కొన గిన్నెలోని మెట్టుకు ఆనుకుని ఆగాలి, కానీ అది మెట్టు మీదికి ఎక్కి కూర్చుంది. మళ్లీ అంతా విప్పాను. బావ తిరిగి వెళ్లిపోయాడు కాబట్టి బాబాయే వచ్చి పక్కన నిలబడ్డారు. కొనను మెట్టుకు తాకించి, సుద్దతో గుర్తు పెట్టి, కొక్కేలు వదులు చేస్తున్నంత సేపూ ఆ గుర్తు జరగకుండా చూశాను. ఈసారి రెండు వైపులా 37. సుద్ద గుర్తు మొదటి రోజే పెట్టవలసింది.

ఆఖరున చేసిన పనిని చాలామంది వదిలేస్తారు. ముందు చక్రాలను పట్టుకునే కింది చేతులకూ, వెనక దూలానికీ రబ్బరు బుష్‌లు ఉంటాయి. వాటి బోల్టులు పాత ఎత్తులో బిగించినవి. కారు దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అందుకే కారు తన బరువు మీద తాను నిలబడి ఉండగా, చక్రాల కింద తాటి పలకలు వేసి, ఆ బోల్టులు వదులు చేసి, కారును నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలి, మళ్లీ బిగించాను. ఎంత బిగించాలన్నది సర్వీసు పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో.

ఏప్రిల్ 17

అమలాపురంలో వీల్ అలైన్‌మెంట్. ఊహించినట్టే ముందు చక్రాల టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) తప్పింది, సరిచేశారు. ముందు చక్రాల పైభాగం ఒకింత లోపలికి వాలింది కానీ హద్దులోనే ఉంది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూపించుకున్నాను.

వచ్చేటప్పుడు గట్టు రోడ్డు మీద పాత వేగంతోనే వంపులు తిరిగాను. ఒరగడం స్పష్టంగా తగ్గింది. స్టీరింగు తిప్పగానే ముక్కు తిరుగుతోంది, ఇదివరకటిలా ఒక క్షణం ఆలోచించడం లేదు. చిన్న గుంతలు మునుపటి కంటే తెలుస్తున్నాయి, పెద్ద గుంతల్లో కొత్త షాకబ్సార్బర్ల పుణ్యమా అని ఒక్క దెబ్బతో ఆగిపోతోంది. అమ్మ పిడి పట్టుకోలేదు. ఆమె ఏమీ అనలేదు, నేను అద్దంలో చూశాను.

ఒక హెచ్చరిక. ఇప్పుడు దాళ్వా (రెండో పంట) కోతలు, రోడ్ల మీద ధాన్యం ఆరబోశారు, పక్కన గడ్డి పోగులు. ఎత్తు తగ్గిన కారు వాటి మీదుగా పోతే ఎండు గడ్డి పొగ గొట్టం దగ్గర ఇరుక్కుంటుంది. ఆ గొట్టం వేడికి అంటుకోవచ్చు. ఇల్లు చేరగానే రోజూ కిందికి వంగి చూస్తున్నాను, రెండుసార్లు గుప్పెడేసి గడ్డి తీశాను.

ఏప్రిల్ 26

540 కిలోమీటర్లు తిరిగింది. స్ప్రింగులు సర్దుకున్నాయి: ముందు ఇంకో 3 మి.మీ., వెనక 2. బోల్టులన్నీ మళ్లీ చూశాను, స్ట్రట్ కింది బోల్టు ఒకటి పావు చుట్టు తీసుకుంది. చప్పుళ్లు లేవు.

ఏప్రిల్ 27, అమావాస్య

మధ్యాహ్నం దాటాక, పాటు బాగా తీసిన వేళ చూసి, అమ్మనూ నాన్నగారినీ ఎక్కించుకుని రేవుకు వెళ్లాను. బంపరు కింది అంచుకు మధ్యలో ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన ఒండ్రు మట్టి ముద్ద అంటించాను, తగిలితే తెలియాలని. పలక మీదికి మొదటి గేరులో, అడుగు అడుగుగా ఎక్కించాను. పంటు కుర్రవాడు ముందు వంగి చూస్తూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

పంటు కదిలాక దిగి చూశాను. ముద్ద మీద నా వేలిముద్రలు చెక్కు చెదరలేదు. నరసాపురం ఒడ్డున దిగేటప్పుడు పలక వాలు ఇంకాస్త ఎక్కువ. అక్కడ చూస్తే ముద్ద అడుగున ఒక పక్క నునుపుగా ఒత్తుకుని ఉంది, అర సెంటీమీటరు దాకా. మిగిలినది ఒక సెంటీమీటరు. నోటు పుస్తకంలో ఆ అంకె రాసి, మట్టి ముద్ద గీకి గోదావరిలో పడేశాను.