బావిలో పుట్టిన ముగ్గురాయి: నా మొదటి స్క్వీజ్ అనుభవం

మాది రైల్వే కోడూరు దగ్గర పల్లె. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి లారీల్లో పోతుంటే చూస్తూ పెరిగాను. మా నాయన కొన్నేళ్ళు ఆ లారీలే తోలాడు. ఎక్కడికి పోతుంది నాయనా ఈ రాయి అంటే "చమురు బావులకు" అనేవాడు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే రాయి అది. పొడి కొట్టి, బావి తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు, అడుగునుంచి గ్యాస్ ఎగదన్నకుండా. బావిలోకి ఆ రాయిని పంపడమే మాకు తెలుసు. బావిలో దానంతట అదే పుడుతుందని స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

బోరు నీళ్ళకు గీజర్ కాయిల్ మీద పట్టే తెల్లటి గార అందరం చూసిందే. అది కాల్షియం కార్బొనేట్, యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి కరిగిపోతుంది. చమురు బావుల్లోనూ అది పడుతుంది కానీ, ఉత్తర సముద్రంలో మాకు నిద్ర లేకుండా చేసేది బేరియం సల్ఫేట్. అంటే మా ముగ్గురాయే. చమురు కింద రాతి పొరల్లో ఉన్న పాత నీటిలో బేరియం ఉంటుంది. పొరలో ఒత్తిడి తగ్గకుండా పైనుంచి ఎక్కించే సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది. రెండూ బావి అడుగున కలిశాయా, రాయి కట్టినట్టే. యాసిడ్‌కు లొంగదు. దీన్ని కరిగించే మందులున్నాయి గానీ నిదానం. ఒక్కోసారి పైపులోనే ఆ రాయిని తొలిచి తీయాల్సి (మిల్లింగ్) వస్తుంది. ఇక్కడి మిల్లర్ ఫీల్డులో ఒక బావి రోజుకు 30,000 బ్యారెళ్ళు ఇస్తూ ఇస్తూ 24 గంటల్లో సున్నాకు పడిపోయింది. చేరిన మొదటి వారంలోనే నాకు ఈ కథ చెప్పారు, భయపెట్టడానికే అనుకుంటా.

అందుకే గార పట్టకముందే మందు వేయాలి. మేం వాడింది ఫాస్ఫోనేట్ రకం ఇన్హిబిటర్. పుడుతున్న స్ఫటికం ఎదిగే చోట్లకు వెళ్ళి అతుక్కుంటుంది, ఇక అది పెరగదు. నీటిలో ఉన్న బేరియంకంతా సరిపడా మందు పోయనక్కర్లేదు, పది లక్షల పాళ్ళ నీటికి కొన్ని పాళ్ళు చాలు. ఆ కొన్ని ఎన్నో తేల్చడం నా పని. సన్నటి స్టీలు గొట్టంలో రెండు రకాల నీళ్ళూ కలిపి పంపుతూ, మందు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతాం. గొట్టం పూడుకుంటే ప్రెషర్ గీత నిట్టనిలువుగా లేస్తుంది. మా బావి నీటికి 5 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 5 పాళ్ళు) దాకా గీత కదల్లేదు. ఆ కిందికి వెళ్తే లేచేసింది.

ఇక స్క్వీజ్. మందును బావిలోంచి వెనక్కి, రాతి పొరలోకి నొక్కడం. నేను హెలికాప్టర్ ఎక్కి సముద్రంలోని ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళింది దీనికే. ముందు రాతిని శుభ్రం చేసే ద్రావణం, తర్వాత వడగట్టిన సముద్రపు నీటిలో కలిపిన మందు, దాని వెనక దాన్ని లోపలికి తోసే నీళ్ళు. మందు మరీ చిక్కగా కలిపినా తంటానే, పొరలోని కాల్షియంతో కలిసి అదే గడ్డకట్టి చమురు దారి మూసేస్తుంది. రాత్రంతా బావి మూసి ఉంచాం. ఆ గంటల్లో మందు ఇసుకరాతిని పట్టుకుంటుంది. మర్నాడు నిదానంగా తెరిస్తే మొదట వేల పీపీఎంలలో బయటికొచ్చింది, కొన్ని రోజులకు వందలు, ఆ తర్వాత నెలల తరబడి పదుల్లో. ఆ తోక ఎంత పొడుగు సాగితే స్క్వీజ్ అంత బాగా పడినట్టు.

మూడో నెల శాంపిల్ రిపోర్టు చూసి నా గుండె జారింది. బేరియం లీటరుకు 180 మిల్లీగ్రాముల నుంచి 40కి పడిపోయింది. బేరియం నీళ్ళలో తగ్గిందంటే ఎక్కడో రాయిగా కూర్చుంటోందనే అర్థం. మళ్ళీ స్క్వీజ్ చేయాలా అని మీటింగ్ పెట్టారు. అంటే మళ్ళీ బావి ఆపాలి, చమురు పోయినట్టే. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. ఒక్కటి మాత్రం పొసగలేదు. మందు ఇంకా 11 పీపీఎం వస్తోంది. 5 చాలన్నప్పుడు 11 ఉండగా రాయి ఎలా కడుతుంది?

మా ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న స్కాట్లాండ్ ఆవిడ ఒకరు ఏమీ మాట్లాడకుండా ఆ శాంపిల్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లైటుకు పట్టి చూశాను. అడుగున ముగ్గు పిండి చల్లినట్టు సన్నటి తెల్లటి పొర. సీసా వంచితే పొగలా లేచి మళ్ళీ కూర్చుంది. బేరియం పోయింది బావిలో కాదు, ఈ సీసాలో.

బావి దగ్గర వేడిగా పట్టిన నీళ్ళు పడవలో నాలుగు రోజులు ప్రయాణించి చల్లబడేసరికి రాయి కట్టేశాయి. చలికి బేరియం సల్ఫేట్ ఇంకా తక్కువ కరుగుతుంది, మందు బలమూ తగ్గుతుంది. అందుకే శాంపిల్ పట్టిన వెంటనే క్వెంచ్ అనే ద్రావణంలో కలపాలి. పొటాషియం క్లోరైడ్‌తో పాటు, ఇంకాస్త గట్టి ఇన్హిబిటర్ ఒకటి అందులో ఉంటుంది, లెక్కపెట్టే దాకా బేరియంను నీళ్ళలోనే ఆపడానికి. ప్లాట్‌ఫాం మీద క్వెంచ్ అయిపోయింది. కొత్తది పంపే సామాన్ల జాబితా తయారు చేసింది నేనే, అందులో అది రాయడం మర్చిపోయిందీ నేనే. మీటింగ్‌లో లేచి ఆ మాట చెప్పడానికి స్క్వీజ్ కన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

క్వెంచ్ కలిపిన శాంపిళ్ళు వచ్చాక బేరియం 176. ఆ స్క్వీజ్ ఇంకో నాలుగు నెలలు నడిచింది.

నాయనకు ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వాడు. "వద్దన్నా పుడతాందా ఆడ? వచ్చేటప్పుడు ఒక ముక్క తీసకరా, మన రాయి పక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. కుదరదు నాయనా, పాతాళం నీళ్ళలోని రేడియం కూడా ఆ గారలో చేరిపోతుంది, మీటరు పెట్టి కొలిచి డ్రమ్ముల్లో సీలు వేస్తారు అన్నాను.

"మన రాయికి ఆ జబ్బు లేదులే" అన్నాడు.