ప్రాధాన్యతలో ఆ ‘త’ ఎందుకురా

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, "మీ వ్యాసం చాలా ముఖ్యం, తప్పనిసరిగా రాయండి, అత్యవసరం, మీ అనుభవాలకు ప్రత్యేక ప్రాధాన్యత ఇస్తాం" అని. ఒక్క మెసేజ్‌లో ‘ముఖ్యం’ లాంటి మాటలు నాలుగు! చదవగానే మన తెలుగు మాస్టారు గుర్తొచ్చారు, ఆయనైతే ఫోన్ లాక్కుని ఎర్ర పెన్ను తీసేవారు.

తొమ్మిదో తరగతిలో నా లీవ్ లెటర్ సంగతి మా బ్యాచ్ వాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. అక్క పెళ్ళికి మూడు రోజులు సెలవు కావాలి. గ్రాంథికంగా రాస్తే మాస్టారు పడిపోతారని "నా హాజరు అత్యవసరమును, అనివార్యమును అయి యున్నది" అని రాసి ఇచ్చా. ఆయన చదివి కళ్ళజోడు పైకి తోసి, "పెళ్ళి ఎప్పుడు కుదిరిందిరా?" అన్నారు. రెండు నెలలైందండి అన్నా. "రెండు నెలల ముందే తెలిసింది అత్యవసరం ఎలా అయింది? సరే, నువ్వు లేకపోతే పెళ్ళి ఆగుద్దా?" ఆగదండి. "అంటే ఆవశ్యకం కూడా కాదు. పోనీ మేమందరం నిన్ను పట్టుకుని ఆపితే ఆగుతావా?" ఆగుతానండి అన్నా ఏడుపు మొహంతో. "మరి అనివార్యం ఎక్కడుందిరా, నివారించడానికి వీల్లేనిదే అనివార్యం. అసలు నీకు వెళ్ళాలనుందా?" ఉందండి. "ఆ ముక్క రాయి, చాలు." క్లాసంతా ఒకటే నవ్వు. సెలవు మాత్రం ఇచ్చారు.

ఆయన పద్ధతి అంతే. ఏ పదం వాడినా ‘అది లేకపోతే ఏమవుద్ది’ అని అడిగేవారు, జవాబుని బట్టి మాట మారేది. లేకపోతే పని నడవదు అంటే ఆవశ్యకం. లేకపోతే నడుస్తుంది గానీ వెలితి అంటే ముఖ్యం. లేకపోతే ఫైన్ పడుద్ది, వెనక్కి పంపేస్తారు అంటే తప్పనిసరి. ఇంకో దారి లేక చేసేది అగత్యం, గతి లేకపోవడం అందులోనే ఉంది. అవసరం సంగతి వేరే, సంస్కృతంలో అవసరం అంటే సందర్భం, అదను అనే అర్థం, హిందీలో ఇప్పటికీ అవకాశం అనే అర్థంలోనే వాడతారు, మనమే దాన్ని అక్కరకి మార్చుకున్నాం అనేవారు. అందుకే కాబోలు అవసరంలో ఇప్పటికీ ఆ సమయం వాసన ఉంది, చెప్పు తెగినప్పుడు పిన్నీసు అవసరం, ఇంటికెళ్ళాక ఆ పిన్నీసు ఎక్కడుందో కూడా ఎవడూ చూడడు, దాన్ని ముఖ్యం అంటామా?

కీలకం చెప్పిన రోజైతే నేను జన్మలో మర్చిపోను. మన నల్లబల్ల గోడకి ఉండేది కాదు, మూడు కాళ్ళ స్టాండ్ మీద రెండు చెక్క మేకుల ఆధారంతో నిలబడేది కదా. మాస్టారు ఏం మాట్లాడకుండా వెళ్ళి ఒక మేకు లాగేశారు. బల్ల ఒక పక్కకి ఒరిగి దబ్బున జారింది, దాని మీదున్న సుద్దముక్కలు, డస్టర్ అన్నీ కింద, ముందు బెంచీ వాళ్ళ జుట్టు తెల్లగా అయిపోయింది. ఆయన చేతిలో వేలెడంత మేకు. "కీలం అంటే ఇదిరా, దీన్నుంచి వచ్చిందే కీలకం, పెద్దదా చిన్నదా అని కాదు, లాగితే మొత్తం కూలాలి" అన్నారు. ఇప్పుడు న్యూస్ పెడితే కీలక భేటీ, కీలక వ్యాఖ్యలు, కీలక నేత, పొద్దున్నించి సాయంత్రం దాకా అన్నీ కీలకాలే, ఎన్ని లాగినా ఏదీ కూలదు.

మా క్లాసులో ఒకడు, పేరెందుకులెండి, తెలివిగలవాడు, సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో ప్రధాన, ప్రముఖ, ముఖ్య, వరేణ్య అన్నీ ఒకే వరసలో ఉన్నాయి కదండీ, ఏది వాడితే ఏముంది అన్నాడు. నిజమే, మూడో కాండలో అలాగే ఉంటాయి. మాస్టారు తడుముకోకుండా "అయితే ముఖ్యమంత్రిని ప్రధానమంత్రీ అని పిలువు, ఆయన ఒప్పుకుంటాడేమో గానీ రెండో ఆయన ఒప్పుకోడు" అన్నారు. ముఖ్యం ముఖంలోంచి వచ్చింది, ప్రధానం అంటే ముందు పెట్టింది, పుట్టుక చూస్తే ఇంచుమించు ఒకటే, వాడుకలో మాత్రం దేని కుర్చీ దానిది. సభలో ముఖ్య అతిథి, ప్రధాన వక్త. బడిలో ప్రధానోపాధ్యాయుడు, ఆయన్ని ముఖ్యోపాధ్యాయుడు అని చూడండి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో.

ఇదంతా నాకు ఎక్కడ పనికొచ్చిందంటే ఉద్యోగంలో. ఆన్‌లైన్ అప్లికేషన్ ఫారాలకి తెలుగు రాసే పని నాది. మొదట్లో ఒక ఫారంలో ఫోన్ నెంబరు గడి పక్కన ‘ఈ వివరం ముఖ్యం’ అని పెట్టా, వినడానికి మర్యాదగా ఉంటుందని. జనం చదివి, ముఖ్యమే కాదన్నదెవరు అనుకుని ఖాళీగా వదిలేశారు, ఫారం సబ్మిట్ అవ్వలేదు, తిట్లన్నీ నాకు. గడి నింపకపోతే ఏమవుద్ది అని నన్ను నేను అప్పుడు అడిగా. ముందుకెళ్ళనివ్వదు. తీసేసి ‘తప్పనిసరి’ అని పెట్టా, ఆ గొడవ ఆ రోజుతో సరి.

ఇక కమిటీ వారి ప్రాధాన్యత. ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చేసింది, ‘ప్రధానంగా ఉండడం’ అనే భావం అందులోనే దిగిపోయింది, మళ్ళీ త ఎందుకు, టోపీ మీద టోపీ అని మాస్టారు ప్రతి పేపర్లోనూ ఆ ‘త’ని సున్నా చుట్టి కొట్టేసేవారు. ప్రాముఖ్యతకీ అదే గతి. ఆవశ్యకతని మాత్రం ముట్టుకునేవారు కాదు, ఆవశ్యకం విశేషణం కాబట్టి దానికి త ఉండొచ్చట. ఇన్నేళ్ళయినా టైప్ చేసేటప్పుడు నా వేలు ఆ త దగ్గర ఒక్క క్షణం ఆగుద్ది, కొన్నిసార్లు ఆగకుండా కొట్టేస్తుంది కూడా. ఈ వ్యాసంలో నా సొంత మాటగా ఎక్కడైనా అది పడి ఉంటే ప్రింటుకి వెళ్ళేలోపు తీసేయండి బాబూ, ఇది మాత్రం నిజంగానే అత్యవసరం.